ఒప్పించు ఉపన్యాసము

మన ఊళ్లలో సభలకు కొదవ లేదు. కళాశాల వార్షికోత్సవము మొదలుకొని కాలనీ సంఘపు సమావేశము వరకు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు లేచి ఒక లోపమును గూర్చి చెప్పుచునే ఉందురు. మంచినీరు రాదు, బస్సు ఆగదు, గ్రంథాలయములో కావలసిన పుస్తకము దొరకదు. వినువారు తలలూపుదురు, చప్పట్లు కొట్టుదురు, ఇండ్లకు పోవుదురు. మరునాడును నీరు రాదు, బస్సు ఆగదు, పుస్తకము దొరకదు. ఉపన్యాసము మాత్రము చాల బాగున్నదని అందరును ఒప్పుకొందురు.

ఇట్లు జరుగుట వక్తకు కంఠము లేకపోవుటవలన గాని, భాష రాకపోవుటవలన గాని కాదు. వేదిక ఎక్కుటకు ముందు చేసికొనవలసిన పని చేసికొనకపోవుటయే తరచుగా దీనికి మూలము. ఒక సమస్యను చూపి, దానికొక పరిష్కారమును ప్రతిపాదించి, వినువారిచేత ఒక నిర్ణయము చేయించుటకు ఉద్దేశించిన ఉపన్యాసము ఆశుకవిత్వము వలె అప్పటికప్పుడు పుట్టునది కాదు. ఇల్లు కట్టువాడు ముందుగా ప్లాను గీచుకొన్నట్లు దానిని కాగితముమీద గీచుకొనవలెను. ఆ గీచుకొనుట ఎట్లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమును, దానిని ఆనుకొనియున్న తార్నాకను ఉదాహరణములుగా తీసికొని చెప్పుదును. ఆ స్థలమును ఎన్నుకొనుటకు ఒక హేతువున్నది. ఆ విశ్వవిద్యాలయము ఇటువంటి ప్రతిపాదన ఒకదానినుండియే పుట్టినది. ఆ ప్రతిపాదనయొక్క బలమును, దాని లోపమును రెండును మనకు పాఠములే.

సమస్యాపరిష్కార రూపమైన ఉపన్యాసమునకు అంగములెన్ని అనునది కొత్త ప్రశ్న కాదు. యోగసూత్రముల వ్యాసభాష్యములో చికిత్సాశాస్త్రమునకు నాలుగు భాగములు చెప్పబడినవి. అవి రోగము, రోగహేతువు, ఆరోగ్యము, ఔషధము. బుద్ధభగవానుని నాలుగు ఆర్యసత్యములును ఈ వరుసలోనే నడచును: దుఃఖము, దుఃఖకారణము, దుఃఖనిరోధము, నిరోధమునకు మార్గము. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయములో అధ్యాపకుడుగా ఉండిన ఆలన్ మన్రో 1930 దశకములో తన విద్యార్థులకు అయిదు మెట్లు నేర్పెను. మొదట శ్రోత దృష్టిని తనవైపు త్రిప్పుకొనుట. తరువాత అవసరమును చూపుట. ఆ అవసరమును తీర్చు ఉపాయమును చెప్పుట. ఉపాయము ఫలించిన నాటి స్థితిని కన్నులకు కట్టించుట. చివర పనికి పురికొల్పుట. మన పెద్దల నాలుగు భాగములకును ఈ అయిదు మెట్లకును పోలిక స్పష్టముగానే ఉన్నది.

మన సభలలోని ఉపన్యాసములను ఈ కొలతతో కొలిచి చూచినచో ఒక విషయము తెలియును. రోగమును గూర్చి అరగంట చెప్పుదురు. చివరి రెండు నిమిషములలో ఔషధము పేరు చెప్పి కూర్చుందురు. నడుమ నుండవలసిన హేతువును, ఆరోగ్యమును వదలివేయుదురు. హేతువు తెలియనిదే ఔషధము సరియైనదో కాదో వినువానికి ఎట్లు తెలియును? ఆరోగ్యమెట్లుండునో తెలియనిదే ఔషధము మ్రింగుటకు వానికి కోరిక ఎట్లు కలుగును?

ఇపుడు ఆ ప్రతిపాదనను చూతము. 1917 నాటికి హైదరాబాదు రాజ్యములో విశ్వవిద్యాలయము లేదు. నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా ఉండెను. ఆ సంవత్సరము ప్రభుత్వ కార్యదర్శియైన అక్బర్ హైదరీ, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు ఒక విజ్ఞాపనపత్రము సమర్పించెను. అది సభలో చదివినది కాదు, ఒకే ఒక శ్రోతను ఉద్దేశించినది. అయినను ఉపన్యాసము నేర్చుకొనువారు దానినుండి గ్రహింపదగినది చాల ఉన్నది.

రోగమేమి? ఉన్నత విద్య పొందిన యువకులు చదివినది కంఠస్థము చేయుదురే కాని స్వతంత్రముగా ఆలోచింపజాలకున్నారు. చదివినవారికిని చదువని ప్రజలకును నడుమ అగాధము ఏర్పడినది. హేతువేమి? విద్య యావత్తు విదేశీయ భాషలో సాగుచున్నది, అందువలన విద్యార్థి శక్తి విషయమును గ్రహించుటకు బదులు భాషతో పెనుగులాడుటలో వ్యయమగుచున్నది. ఔషధమేమి? దేశభాషయైన ఉర్దూలో సమస్త శాస్త్రములును బోధించు విశ్వవిద్యాలయము. ఇంగ్లీషును విడిచిపెట్టుట కాదు, దానిని తప్పనిసరి పాఠ్యభాషగా ఉంచుట.

ఇంతటితో ఆగినచో ఏ శ్రోతయైనను ఒక ప్రశ్న వేయును: ఉర్దూలో రసాయనశాస్త్రము, వైద్యము, న్యాయశాస్త్రము బోధించుటకు పుస్తకములెక్కడ? ఈ ఆక్షేపణకు సమాధానముగానే 1917లో అనువాదశాఖ ఏర్పడినది. దానిని దారుల్ తర్జుమా అనిరి. తరగతులకంటె ముందుగా పుస్తకముల పని ఆరంభమయినది. 1918లో విశ్వవిద్యాలయము వెలసినది, 1919లో తరగతులు మొదలయినవి, 1939లో నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమయినది. భారతీయ భాషలో ఆధునిక శాస్త్రములను ఉన్నతస్థాయిలో బోధించుట ఈ దేశములో అప్పటికి చాల కొత్త. ఎదుటివాని ఆక్షేపణను తానే ముందుగా ఊహించి, దానికి మాటతో గాక పనితో సమాధానమిచ్చుట ఈ ప్రతిపాదనయొక్క బలము.

ఇక దాని లోపము. ఆనాటి హైదరాబాదు రాజ్యములో దాదాపు సగము మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడము మాట్లాడు జిల్లాలు వేరుగా ఉండెను. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదింట ఒకవంతు. నల్లగొండనుండియో వరంగల్లునుండియో వచ్చిన తెలుగు బాలుని ఎదుట నిలిపి, ఆ విజ్ఞాపనపత్రములోని తర్కమునే అతని నోట పలికించి చూడుడు. ఇంటిలో మాట్లాడని భాషలో చదువుటవలన నా శక్తి భాషతో పెనుగులాడుటకే సరిపోవుచున్నదని అతడు అనినచో, దానికి బదులేమున్నది? ఉర్దూ రాజభాష, కచేరీల భాష, పలు ప్రాంతములవారికి పరిచితమైన భాష అని సమాధానము వచ్చును. ఆ సమాధానములో నిజము లేకపోలేదు. కాని అది పరిపాలకుని సౌకర్యమును గూర్చినది. సమస్య చెప్పినపుడు మనము మాట్లాడినది విద్యార్థి బుద్ధిని గూర్చి కదా! రోగమును ఒకరి దేహములో చూపి, మందు మోతాదును మరొకరి దేహమునకు కొలిచినట్లయినది.

ఒప్పించు ఉపన్యాసమునకు ప్రణాళిక వేయువారందరు గుర్తుంచుకొనవలసిన ముఖ్యసూత్రము ఇందున్నది. సమస్యను మీరు ఏ మాటలతో చెప్పితిరో ఆ మాటలే మీ పరిష్కారమునకు మొదటి పరీక్ష. ఆ బాధ పడువారందరి పేర్లు ఒక జాబితాగా వ్రాసికొనుడు. మీ పరిష్కారము ఆ జాబితాలో ఎందరికి చేరునో చూడుడు. చేరనివారున్నచో పరిష్కారమునైనను మార్చుడు, లేదా ఇది ఇంతమందికే పనికివచ్చునని సభలో నిజము చెప్పుడు. అట్లు చెప్పనిచో ఏమగును? సభ ఒప్పుకొనవచ్చును, ప్రభుత్వము ఒప్పుకొనవచ్చును, భవనము కూడ లేవవచ్చును. కాని సమస్య మాత్రము తీరక మరొక రూపములో ఎదురువచ్చును. 1948 తరువాత ఉస్మానియాలో బోధనాభాష ఇంగ్లీషునకు మారినది. తెలుగు విద్యార్థి పెనుగులాట భాష మార్చుకొన్నదే కాని తీరలేదు. కళాశాల చదువునకు తెలుగులో పాఠ్యగ్రంథములు సమకూర్చుటకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. పుస్తకములెక్కడ అను ప్రశ్నకు 1917లో వలెనే ఒక సంస్థను నెలకొల్పి సమాధానము చెప్పవలసివచ్చినది. నడుమ యాభై యేండ్లు గడచినవి.

సభలో లేనివారిని తలచుకొనవలెనంటిని. సభలో ఉన్నను వినబడనివారి మాట ఏమి? 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘసంస్కరణ మహాసభ జరిగెను. కార్వే దానికి అధ్యక్షుడు. పలువురు ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను మాట్లాడిరి. న్యాయవాదియైన అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడ మొదలిడగా కొందరు ఎగతాళి చేసి, గోల చేసి ఆయనను సాగనీయలేదు. తెలుగులో మాట్లాడుట నేరమా అని ఆనాటి తెలుగువారు కుమిలిపోయిరి. కాని ఆ కోపమును మరొక ఉపన్యాసముగా వెళ్లగ్రక్కలేదు. కొందరు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు వంటివారు గ్రంథాలయములను, పాఠశాలలను పెంచుటకు పూనుకొనిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగినపుడు తెలుగులో మాట్లాడినవారిని వినుటకు ఒక ప్రజ సిద్ధముగా ఉండెను. వినువారు లేనిచోట మొదట వినువారిని కూర్చుకొనవలెను. ఇదియును ప్రణాళికలోని భాగమే.

ఆ సురవరమువారే ఆధారమును గూర్చి మరొక పాఠము నేర్పిరి. తెలంగాణములో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసినపుడు, ఉన్నారు అని గట్టిగా అరచుట సులభము. ఆయన ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. వాదము అంతటితో ముగిసినది. మీ ఉపన్యాసములోని ప్రతి గట్టి మాటకును వెనుక ఇటువంటి లెక్క ఒకటి ఉండవలెను. ఎప్పుడును, ఎక్కడను, ఎవరును అను మాటలు మీ చిత్తుప్రతిలో ఎన్నిసార్లు వచ్చినవో గుర్తు పెట్టుకొనుడు. ప్రతిచోటను ఆ మాటను కొట్టివేసి ఒక అంకెనో, ఒక తేదీనో, ఒక స్థలమునో వ్రాయుడు. వ్రాయలేకపోయినచో ఆ వాక్యమునే తొలగించుడు.

హేతువును కనుగొనుట, దానికి తగిన ఔషధమును కొలుచుట అను విషయములకు తార్నాకలోనే మంచి ఉదాహరణమున్నది. 1918లో కూనూరులో మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక చిన్న గదిలో ఆరంభించిన పరిశోధన క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. పసిపిల్లలకు రేచీకటి వచ్చుట, అది ముదిరి చూపే పోవుట ఆ రోజులలో పేదల ఇండ్లలో తరచుగా కనబడు దుఃఖము. దాని హేతువు ఆహారములో ఏ విటమిను లోపించుట. శాశ్వతమైన మార్గము తోటకూర, మునగాకు, బొప్పాయి వంటివి పిల్లల తిండిలో చేరుట. కాని అలవాట్లు మారుటకును, పేదరికము తగ్గుటకును ఏండ్లు పట్టును. కన్ను ఏండ్లు ఆగదు. ఏ విటమినును కాలేయము నెలల తరబడి నిలువ చేసికొనగలదు. ఈ గుణమును ఆధారము చేసికొని, ఒకటినుండి అయిదేండ్ల లోపు పిల్లలకు ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల మోతాదు నోటిద్వారా ఇచ్చు పద్ధతిని ఈ సంస్థవారు పరీక్షించిరి. 1970లో అది జాతీయ కార్యక్రమమయినది.

ఇందులో వక్తకు పనికివచ్చు విషయములు రెండు. ఒకటి, పరిష్కారము హేతువునుండి నేరుగా వచ్చినది. విటమిను లోపించినది, విటమిను ఇచ్చిరి. రెండు, తక్షణ చికిత్స వేరు, శాశ్వత చికిత్స వేరు అని స్పష్టముగా చెప్పబడినది. చుక్కలమందు వేసినంతమాత్రమున ఆకుకూరల అవసరము పోదు. నేటికి తీరునది ఎంత, పదేండ్లకు తీరునది ఎంత అని విడదీసి చెప్పిన వక్తను జనులు నమ్ముదురు. అన్నియు ఒక్క దెబ్బతో తీరునని చెప్పువానిని మొదటిసారి నమ్మినను రెండవసారి నమ్మరు.

ఇపుడు ఈ సూత్రములను ఒక చిన్న పనికి అన్వయించి చూతము. విశ్వవిద్యాలయపు వసతిగృహములో ఉండు ఒక విద్యార్థిని పదినిమిషముల ఉపన్యాసము సిద్ధము చేయదలచినది అనుకొందము. విషయము తార్నాక కూడలిలో కాలినడకన రోడ్డు దాటుట. సికింద్రాబాదునుండియు, హబ్సిగూడనుండియు, లాలాపేటనుండియు, విశ్వవిద్యాలయమునుండియు దారులు అక్కడ కలియును. 2017 నవంబరునుండి మెట్రో రైలు స్టేషను కూడ అక్కడ ఉన్నది.

ఆమె మొదట వ్రాసికొనవలసినది విషయము కాదు, శ్రోత పేరు. ఎవరితో మాట్లాడుచున్నది? తోటి విద్యార్థులతోనైనచో అడుగవలసినది వారు చేయగల పని: సిగ్నలు పడువరకు ఆగుట, ఒక వారము లెక్క తీయుటకు తోడు వచ్చుట. పోలీసు అధికారులతోనైనచో అడుగవలసినది సిగ్నలు వ్యవధి. నగరపాలక సంస్థవారితోనైనచో కాలిబాటలు. ఒకే ఉపన్యాసములో ముగ్గురిని అడిగినచో, ఇది తక్కిన ఇద్దరి పని అని ప్రతివాడును అనుకొనును. అందువలన ఒక సభకు ఒక కోరిక. ఉపన్యాసము ముగిసిన తరువాత ఈ సభవారు ఇది చేయవలెను అని ఒక వాక్యము కాగితము పైభాగమున వ్రాసికొనవలెను. ఆ వాక్యము వ్రాయలేనంతవరకు తక్కినది వ్రాయుట వృథా.

పోలీసు అధికారులను ఎన్నుకొన్నదనుకొందము. అప్పుడు రోగమును గూర్చి చాల ప్రమాదములు జరుగుచున్నవి అని చెప్పుట చాలదు. ఒక వారము ఉదయము ఎనిమిదినుండి తొమ్మిదివరకు నిలిచి, దాటువారెందరు, ఎంతసేపు ఆగిరి, సిగ్నలు ముగియునప్పటికి ఎందరు నడిరోడ్డున మిగిలిరి అని వ్రాసికొనవలెను. హేతువును వెదకునపుడు డ్రైవర్ల నిర్లక్ష్యము అను సులభమైన సమాధానముతో తృప్తి పడరాదు. నడుచువారికిచ్చిన వ్యవధి చాలుచున్నదా? బస్సు ఆగుచోటు దాటుచోటికి దూరమైనదా? కర్ర ఊతగా నడచు వృద్ధునికి రోడ్డు దాటుటకు పట్టు కాలమెంత? ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. విద్యార్థిని తన నడకను కొలతగా తీసికొని వ్యవధి కోరినచో, ఆ వృద్ధుడును, బిడ్డను ఎత్తుకొన్న తల్లియును నడిరోడ్డుననే మిగులుదురు. ఉస్మానియా కథలోని లోపమే ఇక్కడ చిన్న రూపములో తిరిగివచ్చును.

ఆరోగ్యమును చూపునపుడు ఆడంబరమైన వర్ణన అక్కరలేదు. తొమ్మిది గంటల తరగతికి పోవువారు, ఆసుపత్రికి పోవువారు పరుగెత్తకుండ ఆవలి ఒడ్డు చేరుదురు అని చెప్పిన చాలును. తరువాత ఆక్షేపణ. నడుచువారికి వ్యవధి పెంచినచో వాహనములు నిలిచిపోవునని అధికారి తప్పక అనును. దానిని దాచిపెట్టక ఆమెయే ముందు చెప్పవలెను. రద్దీగంటలలో మాత్రమే పెంచుడు, పదిహేను దినములు చూడుడు, లెక్క తీయుటకు మేము వత్తుము, ఫలితము చెడుగా ఉన్నచో పూర్వపు పద్ధతికే మరలుడు అని కోరవచ్చును. పెద్ద మార్పునకు భయపడు అధికారి చిన్న పరీక్షకు ఒప్పుకొనుట తరచు.

పదినిమిషములను పంచుకొనుటకు ఒక కొలత చెప్పుదును. తొలి నిమిషము శ్రోతకును విషయమునకును సంబంధము చూపుటకు. రెండు నిమిషములు రోగమునకు, రెండు హేతువునకు. మూడు నిమిషములు పరిష్కారమునకును, ఆరోగ్యమునకును. ఒక నిమిషము ఆక్షేపణకు. చివరి నిమిషము కోరికకు. కోరిక చెప్పిన తరువాత మరి మాట్లాడరాదు. ధన్యవాదములు చెప్పుచు మరల సమస్యలోనికి పోయి, బిగించిన ముడిని విప్పుకొను వక్తలు చాలమంది ఉన్నారు.

ప్రణాళిక పూర్తియైన తరువాత దానిని ఇద్దరికి వినిపింపుడు. ఒకరు మీతో ఏకీభవింపనివారై ఉండవలెను. మీ తర్కములోని సందులను వారు చూపుదురు. రెండవవారు ఆ సమస్యవలన బాధపడుచున్నను సభకు రాలేనివారై ఉండవలెను. వారిని అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: నేను చెప్పిన ఉపాయము మీకు చేరునా? మొదటివారు తృప్తి చెందినచో మీ ఉపన్యాసము సభలో నిలుచును. రెండవవారు అవుననినచో అది సభ వెలుపలను నిలుచును. కాదనినచో, వేదిక ఎక్కుటకు ఇంకను వేళ కాలేదని తెలిసికొని, కాగితమును మరల చేత పట్టుకొనుడు.